మీకు తెలుసా? పసితనంలో తగిలిన దెబ్బ టీనేజీలో పైకి తేలుతుంది

"నిన్నమొన్నటి దాకా బాగానే ఉండేవాడండీ, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఏమైందో ఏమో!" తల్లిదండ్రుల నోట తరచూ వినిపించే మాట ఇది. ఎదురు తిరగడం, ముభావంగా ఉండటం, చదువు మీద ధ్యాస తప్పడం... అన్నింటినీ "ఆ వయసే అంత" అని సరిపెట్టుకుంటాం. చాలామంది విషయంలో అది నిజమే. కొందరి విషయంలో మాత్రం ఆ మార్పుకు బీజం పదేళ్ల కిందటే పడి ఉంటుంది. చిన్నప్పుడు ఎదురైన హింస, దొరకని ఆదరణ కౌమారంలో ఎలా బయటపడతాయో, వాటిని మాన్పేవి ఏమిటో చెప్పే సంగతులు ఇవి.

దెబ్బ కన్నా మాటే లోతు

పిల్లల్ని కొడితేనే హింస అనుకుంటాం. 2012లో పరిశోధకులు 124 అధ్యయనాల ఫలితాలను ఒక్కచోట చేర్చి లెక్కగట్టారు. మిగతావారితో పోలిస్తే, చిన్నప్పుడు దెబ్బలు తిన్నవారిలో తర్వాతి రోజుల్లో కుంగుబాటు ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు కనిపించింది. నిర్లక్ష్యానికి గురైనవారిలో రెండు రెట్లు, మానసిక హింసకు గురైనవారిలో మూడు రెట్లు. "నువ్వెందుకు పుట్టావురా", "నీ మొహానికి చదువొకటా", "నీ వల్లే మాకీ ఖర్మ" లాంటి మాటలు రోజూ పడటమూ మానసిక హింసే. వీపు మీద వాత కొద్ది రోజుల్లో మానుతుంది. రోజూ విన్న మాటను బిడ్డ తన గురించిన నిజమని నమ్మేస్తాడు.

పేదరికం వేరు, నిర్లక్ష్యం వేరు

బాలలపై హింసను నిపుణులు సాధారణంగా నాలుగు రకాలుగా చెబుతారు: శారీరకం, మానసికం, లైంగికం, నిర్లక్ష్యం. మొదటి మూడూ చేసిన పనులైతే, నాలుగోది చేయకుండా వదిలేసిన పని. అందుకే అది ఎవరి కంటా పడదు. కూలికి వెళ్తూ బిడ్డను పక్కింటి అవ్వకు అప్పగించి వెళ్లే తల్లి నిర్లక్ష్యం చేసినట్టు కాదు. ఏసీ గది, ఖరీదైన ఫోను అమర్చిపెట్టినా, ఏడ్చినప్పుడు ఏమైందని అడిగే మనిషి ఇంట్లో లేకపోతే అది నిర్లక్ష్యమే. మన బాలన్యాయ చట్టం 2015 ప్రకారం తమ సంరక్షణలో ఉన్న బిడ్డను హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసి బాధపెట్టినా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. ఈ సెక్షన్ శరీరానికి కలిగే బాధతోపాటు మనసుకు కలిగే బాధనూ లెక్కలోకి తీసుకుంటుంది.

అమ్మ మొహం చలనం లేకుండా ఉంటే...

1970ల్లో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ ఒక చిన్న ప్రయోగం చేశారు. తల్లి బిడ్డతో కాసేపు ఆడుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు మొహంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపు చూస్తూ ఉండిపోతుంది. నెలల పసికందు ముందు నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేకేస్తుంది. అమ్మలో చలనం లేకపోతే మొహం తిప్పేసుకుంటుంది. తల్లి మళ్లీ నవ్వగానే క్రమంగా తేరుకుంటుంది. ఇందులో రెండు పాఠాలున్నాయి. పలకరింపు కరవైతే పసిబిడ్డకు సైతం తెలిసిపోతుంది. ఒక పూట విసుక్కున్నంత మాత్రాన బిడ్డ పాడైపోదు, మళ్లీ దగ్గరకు తీసుకుంటే చాలు. ఆ దగ్గరకు తీసుకోవడమే లేని ఇళ్లలో పిల్లలు అడగడం మానేస్తారు. టీనేజీలో వాళ్లు మనసు విప్పడం లేదని అప్పుడు మనం ఆశ్చర్యపోతాం.

రుమేనియా అనాథాశ్రమాలు నేర్పిన పాఠం

జనాభా పెంచాలన్న పట్టుదలతో రుమేనియా పాలకుడు చౌసెస్కు 1966లో గర్భస్రావాలను నిషేధించాడు. సాకలేని కుటుంబాలు బిడ్డలను సర్కారు ఆశ్రమాల్లో వదిలేశాయి. 1989 డిసెంబరులో ఆయన పాలన కూలేనాటికి అక్కడ లక్షకు పైగా పిల్లలున్నారు. ఊయల మంచాల్లో గంటల తరబడి పైకప్పు చూస్తూ పెరిగిన పిల్లలు వాళ్లు.

2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు బుకారెస్ట్‌లో 136 మంది పసివాళ్లను ఎంచుకున్నారు. చీటీ వేసినట్టుగా 68 మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగతావారికి అప్పటిదాకా ఉన్న సంరక్షణే కొనసాగింది. నాలుగున్నరేళ్లు వచ్చేసరికి ఆందోళన, కుంగుబాటు లాంటి రుగ్మతలు ఆశ్రమం పిల్లల్లో కన్నా కుటుంబాలకు చేరిన పిల్లల్లో సుమారు సగమే కనిపించాయి. రెండేళ్లలోపే ఇల్లు దొరికిన పిల్లల మెదడు విద్యుత్ తరంగాలు ఎనిమిదేళ్లకు మామూలు పిల్లలతో సమానంగా ఉన్నాయి. ఆలస్యమైన కొద్దీ ఆ మేలు తగ్గింది.

చిన్నప్పుడు లేని లక్షణాలు పెద్దయ్యాక

ఆ ఆశ్రమాల నుంచే బ్రిటన్ కుటుంబాలు దత్తత తీసుకున్న 165 మంది పిల్లలను సర్ మైఖేల్ రట్టర్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. ఆరు నెలల వయసు లోపే బయటపడినవారు దాదాపు మామూలుగా ఎదిగారు. అంతకన్నా ఎక్కువ కాలం అక్కడ ఉన్నవారిలో ఏకాగ్రత లోపం, కొత్తవాళ్లతో హద్దు తెలియకపోవడం లాంటివి చిన్నప్పటి నుంచే ఉన్నాయి. కుంగుబాటు, ఆందోళన అలా కాదు. బాల్యంలో పెద్దగా కనిపించకుండా, కౌమారం దాటి పాతికేళ్లకు దగ్గరయ్యే కొద్దీ పెరిగాయి. ప్రేమగల ఇంట్లో పెరుగుతున్నా పాత లోటు ఆలస్యంగా బయటపడింది. అదే గుంపులో ఐదింట ఒక వంతు మందికి ఏ దశలోనూ ఏ ఇబ్బందీ రాలేదు. అందరి కథా ఒకేలా ఉండదు.

ఆకు కదిలినా మొరిగే కాపలా కుక్క

ప్రమాదం ఎదురైతే శరీరం కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. ముప్పు తొలగాక అది తగ్గాలి. నాన్న తాగి ఎప్పుడొస్తాడో, ఎవరి మీద చెయ్యి చేసుకుంటాడో తెలియని ఇంట్లో ముప్పు తొలగేదెప్పుడు? భయాన్ని పసిగట్టే మెదడు భాగమైన అమిగ్డలా, ఒకసారి దొంగను చూసిన కాపలా కుక్కలా ఆకు కదిలినా మొరుగుతుంది. దాన్ని అదుపు చేయాల్సిన ముందుభాగపు మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. అందుకే టీనేజీలో చిన్న మాటకే భగ్గుమనడం, నిద్ర పట్టకపోవడం. ఆదరణ లేక పెరిగిన కొందరు పిల్లల్లో దీనికి పూర్తి వ్యతిరేకంగా జరుగుతుంది. కార్టిసాల్ స్పందనే మందగిస్తుంది. చూసేవాళ్లకు "వీడికి చీమ కుట్టినట్టయినా లేదు" అనిపిస్తుంది. అది మొండితనం కాదు, మొద్దుబారడం.

కోపాన్ని అందరికన్నా ముందే పట్టేస్తారు

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన సెత్ పొలాక్ పిల్లలకు మనుషుల ముఖచిత్రాలు చూపించారు. మసకగా మొదలై కొద్దికొద్దిగా స్పష్టమయ్యే బొమ్మలవి. ఇంట్లో దెబ్బలు తినే పిల్లలు కోపంగా ఉన్న ముఖాన్ని మిగతావారికన్నా ముందే, చాలా తక్కువ ఆధారంతోనే గుర్తుపట్టారు. మిగతా భావాల విషయంలో ఆ తొందర లేదు. ఆ ఇంట్లో బతకాలంటే కావాల్సిన నేర్పు అది. తరగతి గదిలో మాత్రం అదే ఎదురుతంతుంది. మాస్టారు కాస్త గొంతు పెంచగానే ఆ కుర్రాడు గొడవకు సిద్ధమైపోతాడు. పేరు "పొగరుబోతు" అని పడుతుంది, టీసీ చేతిలో పెడతారు.

ఊబకాయం క్లినిక్‌లో దొరికిన ఆధారం

1985లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో డాక్టర్ విన్సెంట్ ఫెలిటీ ఊబకాయానికి చికిత్స చేసేవారు. చక్కగా బరువు తగ్గుతున్నవారే మధ్యలో మానేస్తుండటం చూసి కారణం అడిగితే, చాలామంది చిన్ననాటి లైంగిక హింస గురించి చెప్పారు. తర్వాత రాబర్ట్ ఆండాతో కలిసి ఆయన 17 వేల మందికి పైగా పెద్దవారిని చిన్నప్పటి చేదు అనుభవాల గురించి అడిగారు. మూడింట రెండొంతుల మందికి కనీసం ఒక్కటైనా ఉంది. 1998లో వెలువడిన తొలి ఫలితాల ప్రకారం, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రకాల చేదు అనుభవాలు ఉన్నవారికి తాగుడు, మత్తు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నాల ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. వీళ్లు పేటల్లోని నిరుపేదలు కారు. వైద్య బీమా ఉన్న మధ్యతరగతి మనుషులు.

సగం జబ్బులు పద్నాలుగేళ్లలోపే

జీవితకాలంలో వచ్చే మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్లలోపే మొదలవుతాయని 2005లో వెలువడిన ఒక పెద్ద అమెరికా సర్వే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 10–19 ఏళ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి మానసిక సమస్య ఉంది. మన దేశంలో నిమ్హాన్స్ ఆధ్వర్యాన 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి మానసిక రుగ్మతలు ఉన్నట్టు తేలింది. వీటన్నింటికీ బాల్యంలో హింసే కారణం కాదు. వంశపారంపర్యం, చదువుల ఒత్తిడి, పరిసరాలు అన్నీ కలుస్తాయి. అయితే నివారించగల కారణాల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది.

వయసు కూడా తొందరపడుతుంది

లైంగిక హింసకు గురైన ఆడపిల్లలను అమెరికాలో 1987 నుంచి గమనిస్తూ వస్తున్న పరిశోధకులు 2017లో ఒక విషయం వెల్లడించారు. తోటి పిల్లలతో పోలిస్తే వీరిలో యుక్తవయసు శారీరక మార్పులు 8 నుంచి 12 నెలలు ముందే మొదలయ్యాయి. శరీరం ముందు ఎదిగి మనసు ఇంకా పసిగా ఉన్నప్పుడు కుంగుబాటు ముప్పు పెరుగుతుంది. త్వరగా పెద్దమనిషి అయిన ప్రతి అమ్మాయి వెనుకా హింస ఉందని దీని అర్థం కాదు. ఎదుగుదలకు సవాలక్ష కారణాలుంటాయి. హింస ఎదుగుదల గడియారాన్ని సైతం కదిలించగలదన్నదే ఇక్కడి సంగతి.

అదే వయసు రెండో అవకాశం ఇస్తుంది

మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన మెగాన్ గన్నార్ బృందం, పసితనం ఆశ్రమాల్లో గడిపి ఆపై అమెరికా కుటుంబాలకు దత్తత వెళ్లిన పిల్లలను పరీక్షించింది. చిన్న వయసులో వారి కార్టిసాల్ స్పందన మందకొడిగా ఉండేది. యుక్తవయసులో ముందుకు సాగేకొద్దీ అది కన్నవారి దగ్గర పెరిగిన పిల్లల స్థాయికి చేరుకుంది. 2019లో ఈ ఫలితాలు వచ్చాయి. ఒత్తిడిని తట్టుకునే యంత్రాంగం కౌమారంలో మరోసారి సర్దుకుంటుందన్నమాట. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటాం. మనిషి విషయంలో ఆ సామెత పూర్తి నిజం కాదు.

మన దేశం లెక్క

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి నివేదిక ఇచ్చింది. మూడింట రెండొంతుల మంది దెబ్బలు తిన్నవారే. 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వారిలో అబ్బాయిలే కాస్త ఎక్కువ. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, వారు నమ్మినవారు. లైంగిక వేధింపులు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు. మగపిల్లలైతే "నవ్వుతారేమో" అని మరింత బిగబట్టుకుంటారు. చెప్పుకోలేనిదే తర్వాత తలనొప్పిగా, కడుపునొప్పిగా, కోపంగా బయటికొస్తుంది.

6,632 మందిలో తొమ్మిది మందే!

బడిలో శిక్షల గురించి జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం 2009–10లో ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లలను అడిగింది. ఏ శిక్షా ఎరుగమన్నది తొమ్మిది మంది! అప్పట్లో ఆ సంఘానికి అధ్యక్షురాలు మన శాంతా సిన్హా. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తోంది. మార్కులు చదివి పదిమందిలో పరువు తీయడం కూడా వేధింపే.

దెబ్బకు దెయ్యం వదలదు

సామెత ఎలా ఉన్నా, లక్షా 60 వేల మందికి పైగా పిల్లల సమాచారంతో కూడిన 75 అధ్యయనాలను ఎలిజబెత్ గెర్షాఫ్ 2016లో క్రోడీకరించారు. పిల్లల్ని చరిచి బుద్ధి చెప్పడం వల్ల మేలు జరిగిన దాఖలా కనిపించలేదు. మొండితనం, దూకుడు, మానసిక ఇబ్బందులు మాత్రం ఎక్కువగా కనిపించాయి. ఇంట్లో సహా ఎక్కడా పిల్లల్ని కొట్టకూడదని 1979లో తొలిసారి చట్టం చేసిన దేశం స్వీడన్. దక్షిణాసియాలో ఆ పని ముందు చేసింది నేపాల్, 2018లో.

దెబ్బలు తిన్నవాళ్లంతా కొట్టేవాళ్లవుతారా?

కారు. బాల్యంలో హింసకు, నిర్లక్ష్యానికి గురైనట్టు కోర్టులో రుజువైన 908 మందిని, అలాంటి నేపథ్యం లేని 667 మందిని క్యాథీ విడమ్ పోల్చి చూశారు. 1989లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, మొదటి వర్గంలో 26 శాతం మంది మైనర్లుగా ఉండగానే అరెస్టయ్యారు. రెండో వర్గంలో 17 శాతం. ముప్పు పెరిగిన మాట నిజం. అయినా నలుగురిలో ముగ్గురు ఆ దారి పట్టలేదు. "అలాంటి ఇంట్లో పుట్టాడు, అలాగే తయారవుతాడు" అని ముద్ర వేసే హక్కు ఎవరికీ లేదు.

ఒక్క మనిషి చాలు

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ నలభై ఏళ్లు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు లేదా మానసిక జబ్బు... ఇలాంటి చిక్కులు కలగలిసిన ఇళ్లలో పుట్టినవారు మూడో వంతు. వారిలోనూ మూడో వంతు మంది చక్కగా చదువుకుని, మనసున్న మనుషులుగా ఎదిగారు. వీళ్ల బాల్యంలో ఉమ్మడిగా కనిపించినవాటిలో ముఖ్యమైనది, నిలకడగా అండగా ఉన్న ఒక పెద్ద దిక్కు. తల్లీదండ్రీ కాకపోయినా అమ్మమ్మో, మేనత్తో, పంతులమ్మో కావచ్చు. మీ వీధిలో ఏ బిడ్డకో ఆ మనిషి మీరే కావచ్చు.

వైద్యం ఉంది, అది పనిచేస్తుంది

హింస చూసిన పిల్లలకు, టీనేజీవారికి ప్రత్యేకంగా రూపొందించిన ఒక మాటల చికిత్స ఉంది. వారానికొకసారి చొప్పున సాధారణంగా 12 నుంచి 16 వారాలు సాగుతుంది. భయాన్ని అదుపు చేసుకోవడం నేర్పి, జరిగినదాన్ని బిడ్డ చేత నెమ్మదిగా చెప్పిస్తారు. "తప్పు నాది కాదు" అనే నమ్మకం కలిగిస్తారు. అండగా నిలిచే తల్లినో తండ్రినో కూడా ఇందులో భాగం చేస్తారు. నివారణకూ దారులున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో 1970ల చివర డేవిడ్ ఓల్డ్స్, తొలిచూలు గర్భిణుల ఇళ్లకు నర్సులను పంపారు. బిడ్డకు రెండేళ్లొచ్చేదాకా వాళ్లు వచ్చిపోతూ ఉండేవారు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే ఆ ఇళ్లలో బాలలపై హింస, నిర్లక్ష్యం కేసులు దాదాపు సగం తగ్గాయి.

ఏ గుర్తులు చూడాలి?

నిద్ర, తిండి ఒక్కసారిగా మారిపోవడం. ఇష్టమైన ఆటలు మానేయడం. ఒకరి పేరు ఎత్తగానే బిగుసుకుపోవడం, ఫలానా చుట్టాలింటికి రానని మొరాయించడం. కారణం దొరకని నొప్పులు. చేతుల మీద కోతలు. సెలవులైనా హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లనని, లేదా ఇంటి నుంచి హాస్టల్‌కు వెళ్లనని పట్టుబట్టడం. "నేను లేకపోతే మీకు పీడా పోతుంది" అనడం. వీటిలో ఏ ఒక్కటీ హింస జరిగిందనడానికి రుజువు కాదు. రెండు వారాలకు పైగా కొనసాగితే మాత్రం కూర్చోబెట్టుకుని నింపాదిగా మాట్లాడాలి. చావు ప్రస్తావన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

బిడ్డ నోరు విప్పితే...

ముందు నమ్మండి. "ముందే ఎందుకు చెప్పలేదు", "నువ్వెందుకు వెళ్లావు అక్కడికి" అనే ప్రశ్నలు బిడ్డ నోరు మూయిస్తాయి. "చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేమీ లేదు" అంటే సగం భారం దిగుతుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకండి, నిలబెట్టుకోలేరు. జరిగింది పదే పదే చెప్పించకండి. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 18 ఏళ్లలోపు అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా వర్తిస్తుంది. లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం శిక్షార్హం. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి. తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డ పేరు, ఊరు బయటపెట్టకూడదు.

రెండు నంబర్లు ఫోన్‌లో భద్రపరుచుకోండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098. కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలకు టెలీ మానస్ 14416. ఇందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. రెండూ ఉచితమే, రాత్రీ పగలూ పనిచేస్తాయి. ఈసారి మీ ఇంట్లోనో, మీ తరగతిలోనో ఒక టీనేజీ బిడ్డ దారి తప్పుతున్నట్టు అనిపిస్తే "నీకేం పోయేకాలం వచ్చింది" అనకండి. "నీకేం జరిగింది నాన్నా" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి.